బేస్‌బాల్‌కి ఎంతమంది, బాస్కెట్‌బాల్‌కి ఎంతమంది

ఆటల గురించి ఓనమాలు కూడా తెలియని నన్ను తీసుకెళ్లి ఆటల ఆఫీసులో వేశారు. 2012లో షార్జాలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చినప్పుడు లైబ్రరీలో వేస్తారనుకున్నాను. నా చదువు అందుకు తగినదే. తీరా చేరిన రోజున స్పోర్ట్స్ విభాగంలో కోఆర్డినేటర్ అన్నారు. పని ఏమిటయ్యా అంటే, జట్లకు బస్సులు బుక్ చేయడం, జెర్సీలు తెప్పించడం, రిఫరీలకు నీళ్ల సీసాలు అందేట్టు చూడటం. నా మొహం మాడిపోయింది. మా ఆయన మాత్రం తెగ సంబరపడ్డాడు. "అదృష్టమంటే నీదేనే, రోజూ కూర్చుని క్రికెట్టు చూడొచ్చు" అన్నాడు. ఆయనది గుంటూరు. భూమ్మీద క్రికెట్టు కాక ఇంకో ఆట ఉందంటే ఒప్పుకోడు.

మా కాలేజీలో క్రికెట్టు జట్టు లేదు. క్రికెట్టు పిచ్చి ఉన్న పిల్లలు బయట క్లబ్బుల్లో ఆడుకునేవాళ్లు. మాకున్న పెద్ద జట్లు రెండే, ఒకటి బాస్కెట్‌బాల్, ఒకటి బేస్‌బాల్.

మొదటి నెలలోనే నేను బాస్కెట్‌బాల్ పక్షం చేరిపోయాను. చేరక ఏం చేస్తాను? ఏసీ హాలు. మంగళవారం సాయంత్రం ఐదింటికి మొదలై ఆరున్నరకల్లా తేలిపోయే ఆట. లెబనాన్, జోర్డాన్ పిల్లలు చంకలో పెట్టుకుని వాయించే డప్పు తెచ్చేవాళ్లు. ఫిలిప్పీన్స్ పిల్లల వెంట అక్కలు, అమ్మలు, పిన్నులు, ఇంటిల్లిపాదీ వచ్చేవాళ్లు. అర నిమిషం గడవకుండా ఎవడో ఒకడు బంతి బుట్టలో వేసేవాడు. చెక్క నేల మీద బూట్లు కీచుమంటుంటే, గోడ మీది గడియారం సెకన్లను వెనక్కి లెక్కపెడుతుంటే, ఏమీ తెలియని నాకు కూడా గుండె దడదడలాడేది. ఆఖరి నిమిషంలో నేనూ కుర్చీలోంచి లేచి వాళ్లలాగే "యల్లా, యల్లా", అంటే కానీ కానీ అని, గొంతు చించుకునేదాన్ని. అలా అరిచి ఇంటికెళ్లిన రోజు నాకు ఎవరి మీదా కోపం ఉండేది కాదు. మా ఆయన ఇది కనిపెట్టి, "మంగళవారాలు నువ్వు చాలా మంచిదానివే" అనేవాడు.

బేస్‌బాల్ సంగతి వేరు. శుక్రవారం అసర్ నమాజు అయ్యాక, నాలుగింటికి, ఆరుబయట ఎండలో మొదలయ్యేది. ఎప్పుడు ముగుస్తుందో ఆడేవాళ్లకే తెలియదు. ఆ ఆటకి గడియారమే లేదు. మధ్యలో ఒకడు బంతి పట్టుకుని నిలబడతాడు. టోపీ సర్దుకుంటాడు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. వేస్తాడనుకునేసరికి ఆగి మళ్లీ టోపీ సర్దుకుంటాడు. నాకైతే వెళ్లి ఆ బంతి లాక్కుని నేనే వేసేద్దామనిపించేది.

దాన్ని చూడటానికి వచ్చే జనం కూడా అలాగే ఉండేవాళ్లు. అమెరికా ప్రొఫెసర్లు మడత కుర్చీలు తెచ్చుకుని కాళ్లు చాపుకునేవాళ్లు. కొరియా పిల్లల తల్లులు అన్నాన్ని ఆకులో గట్టిగా చుట్టి ముక్కలు కోసి డబ్బాల్లో తెచ్చేవాళ్లు. నాకూ రెండు ముక్కలు పెట్టేవాళ్లు. పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, పిల్లల పెళ్లిళ్లు, ఇంటద్దెలు, అజ్మాన్ వైపు ట్రాఫిక్కు, లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పుకుంటూ, మధ్యలో ఎప్పుడో ఠంగుమని శబ్దం వస్తే తలెత్తి చప్పట్లు కొట్టేవాళ్లు. బాస్కెట్‌బాల్ హాల్లో పక్కవాడితో మాట్లాడితే ఆట పోతుంది. ఇక్కడ మాట్లాడకపోతే ఆటే లేదు. అప్పట్లో నాకది ఆటను అవమానించడంలా కనిపించేది.

ఒకసారి నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన మా ఆయన కాసేపు ఆ ఆట చూశాడు. చూసి చిరాకుపడ్డాడు.

"ఏందే ఇది, కొట్టినాక బ్యాటు పారేసి పరిగెత్తుతాడేంది వీడు? ఇందాక అవుటైనోడేగా, మళ్లీ వచ్చాడేంది?"

నాకేం తెలుసు? పక్కనే మట్టిని పళ్ల కర్రతో చదును చేస్తున్న మనిషి తలెత్తి, "వాని వంతు మళ్ల వచ్చింది సార్. తొమ్మిది మంది అయినంక మళ్ల మొదటోడే వస్తడు" అని చెప్పాడు.

గ్రౌండు చూసుకునే మనిషి ఆయన. జగిత్యాల దగ్గరి పల్లె. వయసు నలభై అయిదు దాటి ఉంటుంది. నేను అన్నా అని పిలిచేదాన్ని. మా యూనివర్సిటీకి కూలీలను పంపే కంపెనీ ఒకటి ఉండేది, ఆయన దాని మనిషి. అంతకుముందు ఏళ్ల తరబడి సజ్జాలో సిమెంటు బ్లాకుల ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ దుమ్ముకి ఛాతీ పాడైంది. దగ్గు మొదలైతే పక్కనున్నవాళ్లు పని ఆపి చూడాల్సిందే. ఎవరి పుణ్యానో ఈ గ్రౌండు పనిలో పడ్డాక ఆ దగ్గు సగానికి సగం తగ్గిందని ఆయనే చెప్పాడు. ఉండటం మాత్రం అప్పటికీ సజ్జాలోని కూలీల క్యాంపులోనే.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన పని చూడాలి. రెండు మేకులు పాతి, దారం లాగి, సున్నప్పొడి పోస్తూ వెనక్కి వెనక్కి నడిచేవాడు. ధనుర్మాసంలో మా అమ్మ వాకిట్లో ముగ్గు వేసే శ్రద్ధ అది. గీత ఎక్కడా వంకర పోదు. ఆట మొదలైన పావుగంటకే ఎవడో దాని మీద పడి దొర్లి చెరిపేస్తాడు. నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆయన మాత్రం ముసిముసిగా నవ్వేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "హాల్లో బాస్కెట్‌బాల్ అంత జోరుగా ఉంటుంది కదన్నా, నీకు ఈ నిద్రమొహం ఆటలో ఏం కనిపించింది?"

"అది మంచిదే మేడం. గని ఆడ ఎవ్వడు గుంజుకుంటె బంతి వానిదే. ఉరుకుడు రానోనికి ఆట అయిపోయేదాంక బంతే దొరకది. గీ ఆటల అట్ల కాదు. ఎంత లావు ఆటగాడున్నా సరే, చేతకానోని వంతు వానికి రావాల్సిందే. వాడు నిలబడితె అందరు ఆగాలె. గడియారం గూడ ఉండది, తొందర వెట్టెటోడు ఉండడు." సున్నం బకెట్టు అందుకుంటూ, "మాకు పొద్దుగాల లేచినకాడి నుంచి అన్నిటికి టైమే గద మేడం" అన్నాడు.

ఆయన అన్నది అప్పుడు నా బుర్రకెక్కలేదు. పెద్ద ఫిలాసఫీ చెప్పొచ్చాడులే అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది, దాచుకోవడం ఎందుకు?

మరుసటి ఏడాది జనవరిలో మా ముదీర్ నన్ను పిలిచాడు. ముదీర్ అంటే మా విభాగం పెద్ద. జోర్డాన్ మనిషి, ఒకప్పుడు తనూ బాస్కెట్‌బాల్ ఆడినవాడు. చెడ్డవాడు కాదు. పార్కింగుకి చోటు చాలడం లేదని, బేస్‌బాల్ గ్రౌండు ఇచ్చేయమని పైవాళ్లు అడుగుతున్నారట. ఎవరూ చూడని ఆటకి అంత జాగా ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. నా చేతిలో గుండ్రటి మిషను ఒకటి పెట్టాడు. బొటనవేలితో నొక్కితే ఒక్కో అంకె పెరుగుతుంది.

"ఐదు మంగళవారాలు, ఐదు శుక్రవారాలు లెక్కపెట్టు. చూసేవాళ్లు సగటున వంద దాటితే ఆ జట్టు ఉంటుంది. దాటకపోతే ఖలాస్" అన్నాడు.

బాస్కెట్‌బాల్‌కి ఢోకా లేదని ఇద్దరికీ తెలుసు. పరీక్ష ఎవరికో కూడా తెలుసు. ఆ శుక్రవారం గ్రౌండుకెళ్లి అన్నకి సంగతి చెప్పాను. ఆయన చేతిలోని సున్నం బకెట్టు కింద పెట్టాడు.

"గ్రౌండు తీసేస్తె నాకిక్కడ పనేముంటది మేడం? మళ్ల బ్లాకుల ఫ్యాక్టరీకే తోల్తరు" అన్నాడు.

నాకు మనసు చివుక్కుమంది. "ఏం కాదులే అన్నా, జనం బాగానే వస్తున్నారుగా. నేనే లెక్కపెడతాను" అన్నాను.

"వంద గావాల్నా?"

"వంద దాటాలి."

"సరే మేడం" అన్నాడు. బకెట్టు తీసుకుని మళ్లీ గీత దగ్గరికి వెళ్లాడు.

నేను నిజాయితీగానే లెక్కపెట్టాను, లేదా అలా అనుకున్నాను. మంగళవారం హాల్లో లెక్క సులువు. కుర్చీలు వరసలుగా ఉంటాయి, ఎవరూ లేవరు. శుక్రవారం కాస్త తిప్పలు. నాలుగున్నరకి గ్యాలరీలో ఒక కొస నుంచి ఇంకో కొసకి నొక్కుకుంటూ నడిచేదాన్ని. మడత కుర్చీలు, చెట్ల నీడన దుప్పట్లు పరుచుకున్నవాళ్లు, చంటిపిల్లలతో సహా ఎవరినీ వదల్లేదు. ఐదింటికి ఇంకోసారి తిరిగి, కొత్తగా వచ్చినవాళ్లను కలిపి, ఇక ఆ ఆట చూడలేక ఆఫీసుకి వెళ్లిపోయేదాన్ని.

గ్రౌండుకి ఎడమ పక్క ఇనప కంచె ఉంది. కంచె అవతల క్యాంపు బస్సు ఆగే చోటు. శుభ్రం చేసేవాళ్లు, క్యాంటీను వంటవాళ్లు, సెక్యూరిటీవాళ్లు నాలుగింటికి డ్యూటీ దిగి, ఐదున్నర బస్సు కోసం అక్కడ నిలబడేవాళ్లు. కంచె కన్నాల్లో వేళ్లు పెట్టుకుని నిలబడేవాళ్లు. చూశాను. చూడలేదని అనను. రెండో శుక్రవారం నుంచి వాళ్లు ఎక్కువైన సంగతి కూడా చూశాను. కొందరు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుని ఉన్నారు. శుక్రవారం కదా, రోలా బజారుకి షికారు బయల్దేరారు కాబోలు అనుకున్నాను. నా ఆలోచన అక్కడితో ఆగిపోయింది. నా వేలు కూడా.

ఐదు శుక్రవారాల సగటు డెబ్బై రెండు తేలింది.

బాధగానే ఉంది. గురువారం ఆ అంకె కాగితం మీద వేసి, కింద సంతకం పెట్టి, ముదీర్‌కి ఇచ్చాను. ఆయన పెదవి విరిచి, పైకి పంపించాడు.

మర్నాడు ఆ సీజను ఆఖరి ఆట. నా కారు గ్యారేజీలో ఉంది. నన్ను తీసుకెళ్లడానికి మా ఆయన ముందే వచ్చేసి, ఈసారి రూల్సు తెలిశాయిగా చూస్తానని గ్యాలరీలో కూర్చున్నాడు. ఆయన లేవడు, నాకు కారు లేదు. అలా మొదటిసారి ఐదింటి తర్వాత కూడా గ్రౌండులో ఉన్నాను.

ఐదున్నరకి కంచె అవతల బస్సు వచ్చి ఆగింది. హారను కొట్టింది. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. ఇంకోసారి కొట్టింది. అప్పుడే మా జట్టులో బక్కపల్చటి పిల్లాడొకడు, ఆ ఏడంతా ఒక్కసారి కూడా సరిగా కొట్టనివాడు, బ్యాటు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. కంచె దగ్గర్నుంచి ఈలలు. హిందీలో, తెలుగులో, బెంగాలీలో ఏదేదో ధైర్యం చెబుతున్నారు. డ్రైవరు ఇంజను ఆపి, దిగి, తనూ వచ్చి కంచెలో వేళ్లు పెట్టాడు.

"బస్సొస్తే ఎక్కరేందే వీళ్లు?" అన్నాడు మా ఆయన.

నేను లేచి, చుట్టూ తిరిగి ఆ పక్కకి వెళ్లాను. కంచెకి లోపలి వైపు అన్న పళ్ల కర్ర భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి మొహం చాటంత చేసుకున్నాడు.

"ఇయ్యాల ఎందరైన్రు మేడం?"

"వీళ్లందరూ ఎవరన్నా?"

"మా క్యాంపోళ్లు మేడం. డ్యూటీలున్నోళ్లు ముందటి నుంచే చూస్తుండె. మీరు లెక్కవెడుతున్నరని చెప్పినంక, ఛుట్టీ ఉన్నోళ్లను గూడ రమ్మన్న. బస్సు ఖాళీగనే వస్తది గద ఇటు, మధ్యాహ్నం ట్రిప్పుల ఎక్కి వస్తున్రు. పని బట్టల మీద నిలబడితె లెక్కకు రామేమో అని, ఇస్త్రీ చేస్కొని రమ్మని చెప్పిన."

"మరి లోపలికొచ్చి కూర్చోవచ్చుగా!" నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"గ్యాలరీల కూసోవద్దని మా సూపర్‌వైజర్ ఎప్పుడో చెప్పిండు మేడం. కంచె బయట అయితె ఎవ్వలేమనరు." కాస్త ముందుకు వంగి, మెల్లగా అడిగాడు. "మమ్ముల గూడ లెక్కవెట్టిన్రు గద?"

"ఆఁ, పెట్టానన్నా" అన్నాను.

అంత పచ్చి అబద్ధం నేను నా జన్మలో ఆడలేదు. ఆ వెంటనే, ఆయన చూడకుండా, సంచిలోంచి మిషను తీసి కంచె పొడవునా నొక్కుకుంటూ నడిచాను. డ్రైవరుతో కలిపి నలభై మూడు. బక్క పిల్లాడు ఆ రోజు కూడా కొట్టలేకపోయాడు. అయినా కంచె అవతల చప్పట్లు కొట్టారు. గ్యాలరీలో కంటే అక్కడే ఎక్కువసేపు కొట్టారు.

ఆదివారం ఆఫీసు తెరవగానే ముదీర్ ముందు నిలబడ్డాను. నా లెక్క తప్పు, కంచె అవతలివాళ్లను వారానికి నలభై మూడు చొప్పున కలపాలి, నూటపదిహేను అవుతుంది అన్నాను. ఆయన మొత్తం విన్నాడు. వెంటనే పైకి ఫోను చేశాడు కూడా, ఆ మాట చెప్పుకోవాలి. అరబిక్‌లో చాలాసేపు మాట్లాడి, పెట్టేసి, నుదురు రుద్దుకున్నాడు.

"ప్రేక్షకులంటే విద్యార్థులు, వాళ్ల కుటుంబాలు, సిబ్బంది అంటున్నారు. వాళ్లు మన సిబ్బంది కాదు, కంపెనీ మనుషులు. పైగా బస్సు కోసం నిలబడ్డవాళ్లంటున్నారు" అన్నాడు.

బస్సు కోసం నిలబడ్డవాళ్లు. ఐదు వారాలు నేను అనుకున్న మాటే. ఇంకొకరి నోటి నుంచి వింటే చెంప మీద కొట్టినట్టుంది. "వాళ్లు బస్సుని కూడా ఆపి చూశారు సార్" అన్నాను. ఆయన చేతులు రెండూ పైకెత్తి దించేశాడు. కాగితం వెళ్లిపోయింది, దాని మీద నా సంతకం ఉంది.

అన్నని యూనివర్సిటీలోనే ఇంకో పనిలో ఉంచమని నాకు తెలిసిన నలుగురినీ అడిగాను. హాలు తుడిచే పనైనా ఇవ్వమన్నాను. కంపెనీ మనుషుల్ని కంపెనీయే చూసుకుంటుందన్నారు. మే నెలలో పరీక్షలు అవగానే గ్రౌండుని చదును చేసే యంత్రాలు వచ్చాయి.

ఆ వారమే అన్న ఆఫీసుకి వచ్చాడు. ఏడాదిన్నరలో ఆయన మా ఆఫీసు గడప తొక్కడం అదే మొదలు. చెప్పులు బయట విప్పి వచ్చాడు. వద్దన్నా వినలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"పోతున్న మేడం. రేపటి నుంచి సజ్జాల డ్యూటీ."

"మాస్కు పెట్టుకో అన్నా. మానేయకు" అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు.

"పెట్టుకుంట." వెళ్తాడనుకున్నాను. వెళ్లలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీ తప్పేం లేదు మేడం. మీరు లెక్కవెట్టిన్రు, మేమే తక్కువవడ్డం. ఇంకో ఇరవై మందిని పట్కరావాల్సుండె. క్యాంపుల అందరు పండుకొనే ఉంటుండె శుక్కురారం. నేనే గట్టిగ అడగలే."

ఇంక నావల్ల కాలేదు. ఆయన అలా తనను తాను తిట్టుకుంటూ ఆ దుమ్ములోకి వెళ్లడం నేను చూడలేను.

"మీరు తక్కువ పడలేదన్నా. నేను మిమ్మల్ని లెక్కపెట్టలేదు. ఐదు వారాల్లో ఒక్కరిని కూడా. బస్సు కోసం నిలబడ్డారనుకున్నాను. ఆ రోజు నీతో చెప్పింది అబద్ధం."

చెప్పేశాక ఆయన మొహం చూడటానికి ధైర్యం చాలలేదు. బల్ల మీదున్న మిషను వైపు చూస్తూ కూర్చున్నాను. బయట యంత్రం చప్పుడు వినిపిస్తోంది. ఆయన ఒకసారి దగ్గాడు.

"అది ముందుగాల చెప్పాల్సుండె మేడం" అన్నాడు.

"అవునన్నా."

తిడితే బాగుండుననిపించింది. తర్వాత అడిగాడు. "మరి మమ్ముల గలుపుకుంటె ఎందరైతుండె?"

"నూటపదిహేను."

"వంద గద కావాల్సింది?"

"వంద."

లోపల్లోపల ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలించాడు. మొహంలో నవ్వు కాదు కానీ, అలాంటిదేదో వచ్చింది. బక్క పిల్లాడు బ్యాటు పట్టుకుని నిలబడ్డప్పుడు కంచె దగ్గర చూసిన మొహమే అది.

"అంటె గెల్సినం" అన్నాడు. "మావోళ్లు ఓడిపోయినమనే అనుకుంటున్రు. బస్సుల చెప్త."

చెప్పులు వేసుకుని, ఐదున్నర బస్సుకి వెళ్లిపోయాడు.